తపస్సుకాలం: తెలుగు కతోలిక విచారణల్లో ఆచరణ

పాస్కా పండుగకు, అంటే ఈస్టరుకు, సిద్ధపడుతూ కతోలికులు పాటించే నలభై రోజుల వ్రతకాలం తపస్సుకాలం. ఇది విభూది బుధవారం నాడు మొదలవుతుంది. పూజాక్రమం ప్రకారం పవిత్ర గురువారం సాయంత్రం, కడరా భోజన పూజకు ముందు ముగుస్తుంది. వేళ్ల మీద లెక్కపెట్టేవాళ్లకు మాత్రం విభూది బుధవారం నుంచి పవిత్ర శనివారం దాకా 46 రోజులు వస్తాయి. ఆదివారం క్రీస్తు లేచిన రోజు కాబట్టి ఉపవాసానికి పనికిరాదు. ఆ ఆరు ఆదివారాలు తీసేస్తే మిగిలేవి నలభై.

మార్చి 21న గాని ఆ తర్వాత గాని వచ్చే పున్నమి దాటిన మొదటి ఆదివారం పాస్కా పండుగ. అది మార్చి 22 నుంచి ఏప్రిల్ 25 లోపు ఎప్పుడైనా పడవచ్చు. దాన్ని బట్టి విభూది బుధవారం ఫిబ్రవరి 4కూ మార్చి 10కీ మధ్య జరుగుతూ ఉంటుంది. తిథి చూసి పండుగ చేసుకునే తెలుగువాళ్లకు ఈ జరుగుడు వింతేమీ కాదు. ఉగాది కూడా చాలా ఏళ్లలో ఈ రోజుల్లోనే పడుతుంది. 2026లో ఉగాది, పునీత జోజప్ప పండుగ రెండూ మార్చి 19నే.

విచారణ అంటే ఒక గురువు పాలనలో ఉండే కతోలిక సమాజం, దాని గుడి, దాని కింది పల్లెలు. తపస్సుకాలపు చట్టం లోకమంతటా దాదాపు ఒక్కటే. ఆచరణ మాత్రం ఊరిని బట్టి మారుతుంది. తెలుగు విచారణల్లో చట్టం అడిగేది కొంచెమే. జనం తమంతట తాము నెత్తికెత్తుకున్నది చాలా ఎక్కువ. ఈ వ్యాసం ముఖ్యంగా ఆ రెండోదాని గురించి.

పేరు, పలుకుబడి

లాటినులో ఈ కాలం పేరుకు నలభయ్యవది అని అర్థం. ఇంగ్లీషులో లెంటు అన్నది పగళ్లు సాగే వసంతానికి పాత పేరు. తెలుగు పేరు ఈ రెంటిలో దేనికీ అనువాదం కాదు. 1606లో మదురై చేరిన ఇటలీ జెసూట్ రాబర్ట్ డి నోబిలి కాషాయం కట్టి, మాంసం మాని, సంస్కృతమూ దేశభాషలూ నేర్చి, క్రైస్తవ భావాలకు ఈ నేల మీది మాటలే వెతికాడు. 18వ శతాబ్ది తొలి ఏళ్లలో రాయలసీమకు వచ్చిన ఫ్రెంచి జెసూట్ల కర్ణాటక మిషన్ కూడా ఆ దారే పట్టింది. పుంగనూరు, కృష్ణాపురం వైపు మొదలైన ఆ సంఘాల్లోని రైతు కుటుంబాలు కొన్ని తర్వాత గుంటూరు సీమకు తరలివచ్చాయి. ఫిరంగిపురం వంటి పాత విచారణల వేళ్లు అక్కడివే.

గుడి, గురువు, పూజ, సత్ప్రసాదం, తిరునాళ్ల, విభూది, తపస్సు: తెలుగు కతోలికుల మాటల మూటలో ఉన్నవి ఇవి. ప్రొటెస్టంటు సంఘాల్లో ఇవే రోజులు శ్రమల దినాలు, లెంటు దినాలు. అక్కడ విభూది భస్మం అవుతుంది, మ్రానికొమ్మల ఆదివారం మట్టల ఆదివారం అవుతుంది. ఒక తెలుగు క్రైస్తవుడు ఏ సంఘం వాడో అడగకుండా తెలుసుకోవాలంటే ఈ రోజుల గురించి రెండు నిమిషాలు మాట్లాడిస్తే చాలు.

తపస్సు అన్న మాటతో ఒక చిక్కూ ఉంది. అది వినగానే తెలుగు చెవికి అడవి, ఒంటికాలి మీద నిలబడ్డ ముని, చివర ప్రత్యక్షమై వరమిచ్చే దేవుడు తోస్తారు. శ్రీసభ (కతోలిక సంఘం) బోధలో తపస్సుకాలం వరం కోసం చేసేది కాదు, మనసు తిప్పుకోవడానికి చేసేది. అయినా పరీక్ష పాసవ్వాలని, పెళ్లి కుదరాలని మొక్కుకుని నలభై రోజులు పట్టేవాళ్లు ఏ విచారణలోనైనా కనిపిస్తారు. మాట తెచ్చిన అర్థం మాటతోనే ఉండిపోయింది.

పుట్టుక

మొదటి శతాబ్దాల్లో పాస్కాకు ముందు ఉపవాసం ఒకటి రెండు రోజులదే. నలభై రోజుల ప్రస్తావన 325 నాటి నైసియా మహాసభ నిబంధనల్లో కనిపిస్తుంది. యేసు ఎడారిలో గడిపిన నలభై రోజులు, సీనాయి కొండ మీద మోషే, హోరేబు దారిలో ఏలీయా ఆ అంకెకు ఆధారాలు. ఆ కాలంలో ఇది రెండు వర్గాల వాళ్లది: పాస్కా రాత్రి జ్ఞానస్నానం పొందబోయేవాళ్లది, పెద్ద పాపాలకు అందరి ఎదుట ప్రాయశ్చిత్తం చేసుకునేవాళ్లది. పోనుపోను అందరిదీ అయింది. పాపం, కన్నీరు అన్న రెండో పాయే శతాబ్దాల పాటు మొదటిదాన్ని మింగేసింది. రెండో వాటికన్ మహాసభ 1963 డిసెంబరు 4న వెలువరించిన పూజావిధి శాసనం జ్ఞానస్నానపు పాయను మళ్లీ పైకి తెచ్చింది. ప్రాయశ్చిత్తం లోలోపల, ఎవరికి వారు చేసుకునేదిగానే ఉండకూడదని, బయటికి కనబడాలని, సమాజానిది కావాలని కూడా చెప్పింది. తెలుగు పల్లెలకు ఈ చివరి మాట చెప్పవలసిన అవసరం పెద్దగా లేదు.

విభూది బుధవారం

నిరుడు మ్రానికొమ్మల ఆదివారం నాడు ఆశీర్వదించిన కొమ్మలను కాల్చిన బూడిదే విభూది. ఈత మట్టలు, కొబ్బరి మట్టలు తెలుగు విచారణల్లో వాడే కొమ్మలు. వాటిని సిలువగా మడిచి గుమ్మం పైన, పటాల వెనక ఏడాదంతా ఉంచుకుంటారు. విభూది బుధవారానికి ముందు వచ్చే ఆదివారం, ఎండిన మట్టలు గుడికి తెమ్మని ప్రకటన వినిపిస్తుంది. కాల్చి, నలిపి, జల్లెడ పడతారు. నీళ్లు ఎక్కువ కలిపితే బూడిద క్షారమై నుదురు మండుతుంది. తెలిసినవాళ్లు పొడిగానో, కాస్త నూనె చుక్కతోనో వాడతారు.

గురువు నుదుట సిలువ గుర్తు వేస్తూ పూజాగ్రంథంలోని రెండు వాక్యాల్లో ఒకటి పలుకుతారు. ఒకటి మనిషి మన్ను అని గుర్తుచేసేది, ఆదికాండం నుంచి వచ్చింది. రెండోది మనసు మార్చుకొని సువార్తను నమ్మమనేది, మార్కు సువార్త నుంచి వచ్చింది. ముసలివాళ్లకు మొదటిదే ఇష్టం. ఇటలీ వంటి దేశాల్లో విభూదిని నడినెత్తిన చల్లుతారు. కరోనా కాలంలో, 2021లో, గురువు ఆ వాక్యాన్ని అందరినీ ఉద్దేశించి ఒక్కసారే పలికి, మాస్కు పెట్టుకుని, మౌనంగా తలల మీద చల్లాలని వాటికన్ సూచించింది. నుదుటి గుర్తుకు అలవాటు పడ్డవాళ్లకు ఆ ఏడాది విభూది పెట్టించుకున్నట్టే అనిపించలేదు.

ఇది దివ్యసంస్కారాల్లో ఒకటి కాదు కాబట్టి జ్ఞానస్నానం పొందనివాళ్లు కూడా విభూది పెట్టించుకోవచ్చు. ఆశీర్వదించడం గురువు పని; పెట్టడం ఇతరులూ చేయవచ్చు. గురువు ఒక్కరు, పల్లెలు అనేకం ఉండే తెలుగు విచారణలకు ఈ వెసులుబాటు ప్రాణం. పల్లెలో ప్రార్థన నడిపే ఉపదేశి సైకిలు మీదో బండి మీదో చిన్న డబ్బాతో విభూది తీసుకుపోయి, వాక్యం చదివి, అందరికీ పెడతాడు. గురువు చేతి మీదుగానే కావాలని పట్టుబట్టే పల్లెల్లో విభూది బుధవారం ఒక్కోసారి గురువారమో, ఆ వచ్చే ఆదివారమో అవుతుంది.

విజయవాడ గుణదల మరియమాత తిరునాళ్ల ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో జరుగుతుంది. పాస్కా ముందుగా వచ్చిన ఏడు రెండూ ఎదురుపడతాయి. 2016లో విభూది బుధవారం ఫిబ్రవరి 10న, సరిగ్గా తిరునాళ్ల నడిమి రోజున పడింది. 2027లోనూ అంతే.

ఒక్కపొద్దు

పోపు ఆరో పౌలు 1966లో పాత నియమాలను బాగా సడలించారు. ఇప్పుడు అమల్లో ఉన్న 1983 నాటి శ్రీసభ చట్టం అడిగేది ఇంతే: విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం ఉపవాసం, ఆ రెండు రోజులూ, శుక్రవారాలూ మాంసం మానడం. ఉపవాసం 18 ఏళ్లు నిండినవాళ్ల నుంచి అరవయ్యో ఏట అడుగుపెట్టేవరకు, మాంసం మానడం 14 నిండినప్పటి నుంచి వర్తిస్తుంది. ఉపవాసమంటే పస్తు కాదు. ఒక పూట నిండుగా తిని, మిగతా రెండు పూటలూ కాస్త ఎంగిలిపడటం. తెలుగులో దీనికి ఎప్పటి నుంచో ఒక మాట ఉంది: ఒక్కపొద్దు. మంగళవార్త పండుగ వంటి మహోత్సవం శుక్రవారం పడితే ఆ రోజు మాంసం మీద నిషేధం ఉండదు.

ఇంటింటా జరిగేది వేరు. నలభై రోజులూ పొయ్యి మీదికి మాంసం ఎక్కని ఇళ్లు చాలా ఉన్నాయి. చట్టం వదిలేసిన ఆదివారాన్ని కూడా వాళ్లు వదలరు. చేపలు, గుడ్లు, పాలు నేటి చట్టంలో మాంసం కింద లెక్క కావు. కోస్తా ఊళ్లలో ఈ మాట వచ్చినప్పుడు, వంజరం పులుసుతో తినేది ఉపవాసమెలా అవుతుందని నవ్వేసేవాళ్లున్నారు. ఆ నవ్వులో న్యాయముంది. చన్నీళ్ల దేశాల్లో ఉప్పు చేప పేదవాడి కూడు అయినప్పుడు పుట్టిన వెసులుబాటు అది. గోదావరి ఒడ్డున దాని అర్థం తలకిందులవుతుంది. అయ్యప్ప దీక్ష 41 రోజులు పట్టే ఇరుగుపొరుగు ఉన్న ఊళ్లో ఈ నియమాన్ని ఎవరికీ విడమరిచి చెప్పనక్కరలేదు.

మగవాళ్లు మానేవాటిలో మందు మొదటిది, బీడీ సిగరెట్లు తర్వాతవి. ఇల్లాలి లెక్కలో మాంసం మానడం కంటే ఇదే అసలు తపస్సు. పాస్కా మర్నాడే మళ్లీ మొదలుపెట్టేవాళ్లు ఉంటారు. ఆ నలభై రోజుల్లో ఇంట మిగిలిన డబ్బు, ప్రశాంతత మాత్రం ఉత్తవి కావు.

పెళ్లిళ్లు ఆగిపోతాయి. 1917 నాటి పాత చట్టంలో విభూది బుధవారం నుంచి పాస్కా దాకా ఘనమైన వివాహ ఆశీర్వాదానికి నిషేధం ఉండేది. నేటి చట్టంలో అది లేదు. అయినా జనం పెట్టుకోరు. మూఢంలో ముహూర్తాలు చూడని సమాజానికి ఈ విరామం సహజంగానే కుదిరింది. అందుకే జనవరి, ఫిబ్రవరి నెలల్లో గుడిలో పెళ్లి చీటీల చదువు జోరుగా సాగుతుంది.

సిలువమార్గం

తపస్సుకాలంలో విచారణ ఊపిరంతా శుక్రవారం సాయంత్రపు సిలువమార్గంలో ఉంటుంది. పిలాతు తీర్పు నుంచి సమాధి దాకా పద్నాలుగు స్థలాలు. ఒక్కో స్థలం దగ్గర మోకరించడం, ధ్యానం, ప్రార్థన, లేచి పాట పాడుకుంటూ తరువాతి స్థలానికి నడవడం. యెరూషలేము యాత్రికుల నడకే దీనికి మూలం. అక్కడి పుణ్యక్షేత్రాల సంరక్షణ 1342లో ఫ్రాన్సిస్కన్ సభకు అప్పగించారు. వాళ్లే యాత్ర చేయలేనివాళ్ల కోసం ఐరోపా గుళ్లలో ఈ స్థలాలను నెలకొల్పుతూ వచ్చారు. 1731లో పోపు పన్నెండో క్లెమెంటు సంఖ్యను పద్నాలుగుగా స్థిరపరిచారు. మూడుసార్లు పడిపోవడం, వెరోనికా ముఖం తుడవడం, తల్లి ఎదురుపడటం సువార్తల్లో లేవు. భక్తి సంప్రదాయం చేర్చినవి. తెలుగు పల్లెలో ఆడవాళ్లు ఎక్కువసేపు ఆగి ఏడ్చేది మాత్రం ఆ తల్లి ఎదురుపడే నాలుగో స్థలం దగ్గరే. మరో సంగతి, గోడ మీది బొమ్మలు లేకపోయినా ఫరవాలేదు గాని, పద్నాలుగు కొయ్య సిలువలు ఉండాలన్నది సంప్రదాయ నియమం. పటాలు కొనే స్తోమత లేని గుళ్లకు ఇది కలిసొచ్చింది.

గుడి లోపల జరిగే సిలువమార్గం కన్నా వీధుల్లో సాగేది పల్లెకు దగ్గరిది. పద్నాలుగు ఇళ్లు పద్నాలుగు స్థలాలవుతాయి. వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, బల్ల మీద దుప్పటి పరిచి, సిలువ, కొవ్వొత్తి పెట్టి ఆ ఇంటివాళ్లు ఎదురుచూస్తారు. పెద్ద కొయ్య సిలువను యువకులు, తర్వాత ఆడవాళ్లు, తర్వాత చిన్నపిల్లలు వంతులవారీగా మోస్తారు. ఈ ఏడు తమ వాకిట్లో స్థలం పెట్టలేదని అలిగే ఇళ్లూ ఉంటాయి. గుంటూరు, పల్నాడు వైపు ఇది మిరప కోతల కాలం. చేలో నుంచి వచ్చినవాళ్లు చేతుల మంట తగ్గకముందే సిలువ పట్టుకుంటారు కాబట్టి ప్రార్థన చీకటి పడ్డాకే. పదో తరగతి, ఇంటరు పరీక్షలూ ఈ రోజుల్లోనే. మైకు పెట్టాలా వద్దా అన్న వాదన ఏటా వస్తుంది.

చివరి వారాల్లో గుణదల కొండ వంటి చోట్లకు గుంపులు సిలువమార్గం చేసుకుంటూ ఎక్కుతాయి. పవిత్ర శుక్రవారం నాడు చాలా విచారణల్లో యువత దీన్ని నాటకంగా ఆడుతుంది. అట్టముక్కల కవచాలు, వెండి రంగు పూసిన కత్తులు, ఉత్సాహం ఎక్కువైన రోమను సైనికులు. చూసేవాళ్లు ప్రార్థన మరిచి ఫోన్లలో వీడియోలు తీస్తారని పెద్దలు విసుక్కుంటారు. కానీ ఏడాదంతా గుడి గడప తొక్కని కుర్రాళ్లు నెల రోజులు సాయంత్రాలు రిహార్సళ్లకు వస్తున్నారంటే దాన్ని తేలిగ్గా తీసిపారేయడం కష్టం.

గుడిలో మార్పులు

గురువు వస్త్రాలు ఊదారంగువి. మహిమ గీతం, అల్లెలూయ వినిపించవు. పీఠం మీద పూలుండవు. వాద్యాలు పాటకు ఊతంగా మాత్రమే మోగాలి. కీబోర్డు, తబలా, డోలక్ మీద బతికే తెలుగు గాయకబృందాలకు అసలు ఉపవాసం ఇదే. నాలుగో ఆదివారం ఒక్కరోజు గులాబి రంగుతో కొంత సడలింపు ఉంటుంది. ఐదో ఆదివారం నుంచి స్వరూపాలకు ఊదా గుడ్డ కప్పే ఆచారం కొన్ని గుళ్లలో ఉంది.

పాపసంకీర్తనానికి బారులు తీరే కాలం కూడా ఇదే. తన విచారణ గురువుకు చెప్పుకోవడానికి మొహమాటపడేవాళ్లు చాలామంది. అందుకే ఇరుగుపొరుగు విచారణల గురువులను ఒక సాయంత్రం పిలిపిస్తారు. అది పెట్టుకునేది తరచు విచారణలో జరిగే ధ్యానకూటాల (ప్రసంగాలు, ప్రార్థనల రోజుల) చివరి రోజున.

ఉపవాసంతో మిగిలింది దానం కావాలన్నది పాత సూత్రం. 1962లో ఏర్పడిన కారితాస్ ఇండియా ఈ కాలంలో ఆకలి, రోగాలపై పోరాటం పేరుతో దేశమంతటా విరాళాలు సేకరిస్తుంది. పల్లెల్లో దీనికి మరో రూపం, వండబోయే ముందు పిడికెడు బియ్యం తీసి పక్కన పెట్టడం.

పవిత్ర వారం

మ్రానికొమ్మల ఆదివారపు ఊరేగింపుతో మొదలయ్యే ఈ వారంలో మేత్రాసనం (ఒక బిషప్పు పాలనలోని విచారణల సముదాయం) గురువులందరూ ప్రధాన దేవాలయంలో మేత్రాణులతో, అంటే ఆ బిషప్పుతో, కలిసి పూజ చేస్తారు. ఏడాదికి సరిపడా పవిత్ర తైలాలను ఆశీర్వదించేది అప్పుడే. పవిత్ర గురువారం రాత్రి గురువు పన్నెండుమంది కాళ్లు కడుగుతారు. 2016లో పోపు ఫ్రాన్సిస్ నియమం మార్చాక ఆ పన్నెండుమందిలో స్త్రీలనూ చేర్చవచ్చు. తెలుగు విచారణలు అన్నీ ఒకే వేగంతో ఆ మార్పును అందుకోలేదు. ఆ పూజలో మహిమ గీతం దగ్గర గంటలన్నీ ఒక్కసారి మోగి, పాస్కా రాత్రి దాకా మూగబోతాయి. ఆ తర్వాత పీఠం బోసిగా చేసి, సత్ప్రసాదాన్ని పక్క పీఠానికి తరలిస్తారు. వీధుల వారీగా గంటల చొప్పున వంతులు వేసుకుని అర్ధరాత్రి దాకా ఆరాధన.

శుక్రవారం పూజ ఉండదు. మధ్యాహ్నం మూడు గంటలకు, ఏప్రిల్ ఎండలో, షామియానా కింద యోహాను సువార్తలోని శ్రమల చరిత్ర ముగ్గురు పంచుకుని చదువుతారు. తర్వాత బారులు తీరి సిలువను ముద్దుపెట్టుకుంటారు. అదే సమయానికి పక్క వీధి ప్రొటెస్టంటు మందిరంలో సిలువ మీది ఏడు మాటల ప్రసంగాలు సాగుతుంటాయి. మూడు గంటల సేపు సాగే ఆ ఏడు మాటల ఆరాధన పుట్టింది 17వ శతాబ్ది చివర పెరూలోని లిమాలో, జెసూట్ గురువుల చేతుల మీదుగా. ఇప్పుడు తెలుగు కతోలికుల కంటే ప్రొటెస్టంటులే దాన్ని ఎక్కువ నిష్ఠగా పట్టుకున్నారు.

శనివారం రాత్రి గుడి బయట కొత్త నిప్పు రాజేసి, దానితో పాస్కా వత్తిని వెలిగిస్తారు. పగటిపూటకు జారిపోయిన ఈ జాగరణను పోపు పన్నెండో పయస్ 1951లో తిరిగి రాత్రికి తెచ్చారు. తెలుగు విచారణల్లో పెద్దవయసువాళ్ల జ్ఞానస్నానాలు ఎక్కువగా ఈ రాత్రే.

ఇతర ఆచారాలు, ఇతర దేశాలు

తెలుగు నేల మీద కతోలికులందరూ లాటిను ఆచారం వాళ్లు కారు. 1999లో ఏర్పడ్డ ఆదిలాబాదు, 2017లో ఏర్పడ్డ శంషాబాదు సీరో మలబారు అనే వేరే ఆచారానికి చెందిన మేత్రాసనాలు. వాళ్ల పెద్ద ఉపవాసం రెండు రోజులు ముందుగా, సోమవారం మొదలవుతుంది. విభూదీ ఆ రోజే. పవిత్ర గురువారం రాత్రి వాళ్ల ఇళ్లలో పులియని పిండితో పెసహా అప్పం చేసి, మట్ట ఆకు సిలువ పెట్టి, ఇంటిపెద్ద కోసి అందరికీ పంచుతాడు. పండుగ మధ్యలోని ఆచారం గుడిలో కాక వంటింట్లో జరగడం తెలుగు లాటిను కతోలికులకు కొత్త.

కువైట్‌లో పనిచేసే తెలుగు కతోలికులకు వారాంతపు సెలవు శుక్రవారం. ఊళ్లో చీకటి పడ్డాక జరిగే సిలువమార్గం అక్కడ వారంలో అందరూ కలిసే రోజునే వస్తుంది. అమెరికా విచారణల్లో తపస్సుకాలపు శుక్రవారమంటే గుడి హాల్లో వేయించిన చేపల విందు. తెలుగు దేశం నుంచి వెళ్లి అక్కడ విచారణలు చూసుకుంటున్న గురువులు మొదటి ఏడు ఆ విందుకు పిలుపు వచ్చినప్పుడు అది ఉపవాసంలో భాగమో, ఉపవాసం నుంచి విరామమో తెలియక తికమకపడతారు.